మూడిండ్ల దూది

మా బడి మీద మస్తానమ్మకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకూడదనే నేనూ కోరుకుంటున్నా. తగ్గిందంటే మేం చేసిన పని ఆమె మరిచిపోయినట్టు. అది మరిచిపోదగ్గ పని కాదు. ఆ పని చేసినవాళ్లలో మీసం నెరిసినవాణ్ణి, నెలనెలా జీతం తీసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి నా నోటితోనే చెప్పడం మర్యాద.

ప్రొద్దుటూరులో పాత పత్తిమిల్లు వెనక సందులో ఆమె పరుపులంగడి. బోర్డు లేదు. సందు మొదట్లో ఎవరినడిగినా "ఆ దూది ఎగురుతాండ్లా, ఆడికి పో" అంటారు. ఊరంతా ఫోము పరుపులొచ్చినా, నడుము నొప్పులవాళ్లు, బాలింతలు, పాతకాలం మనుషులు ఇంకా దూది పరుపే కావాలంటారు. ఏడెనిమిదేండ్లు పండుకుంటే దూది గడ్డకట్టి పరుపు నాపరాయి అవుతుంది. దాన్ని విప్పి, ఎండబెట్టి, మిషన్లో ఏకి, పొంగిన దూదిని కొత్త గలీబు గుడ్డలో కూరి, దబ్బణంతో కుట్టి ఇవ్వడం ఆమె పని.

ఈ పనికి మా పక్క ఒక ఆచారముంది. దూది ఏకేటప్పుడు ఇంటివాళ్లలో ఒకరు పక్కన కూర్చుని చూస్తారు. మంచి దూది పక్కకు లాగి, చెత్త దూది కూరుతారేమోనని అనుమానం. ఏ పరుపులంగడిలోనైనా మధ్యాహ్నం పూట ఒక ముసలాయన కునుకుపాట్లు పడుతూ కనిపిస్తే, ఆయన కాపలా అన్నమాట. మస్తానమ్మ దగ్గర మాత్రం ఎవరూ కూర్చోరు. పరుపు దించి, "ఎప్పుడు రావాల్ల మస్తానక్కా" అని అడిగి పోతారు. ముప్పై ఏండ్లుగా అంతే.

"నన్ను ఎవురూ కాపలా కాయరు సార్," అని మొదటిరోజే చెప్పింది నాకు. గొప్పలు పోయే మనిషి కాదు. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం కొంగు సర్దుకుంది.

ఆమె పుట్టింది చెన్నూరులో. పెండ్లయి ప్రొద్దుటూరుకు వచ్చింది. మొగుడు దస్తగిరి భుజాన ఏకే విల్లు తగిలించుకుని, నారి మీటుకుంటూ ఎర్రగుంట్ల దాకా పల్లెలన్నీ తిరిగేవాడు. ఈమె వెనకాల మూట మోసేది. విల్లుతో ఏకడం మొగవాళ్ల పని అనేవాళ్లు. దస్తగిరికి దగ్గు ముదిరినాక ఆ మాట అనేవాళ్లే, "మస్తానమ్మా, నువ్వే ఏకు, ఆయప్పను పండుకోనీ" అన్నారు. ముక్కులోకి పోయిన దూది ధూళి ఆయన్ను తీసుకుపోయింది. ఆమె మిషను పెట్టింది. ఒక్కగానొక్క కూతురు వేంపల్లెలో కాపురముంటోంది.

పరుపు విప్పితే ఇంటి గుట్టు బయటపడుతుంది. ఆమె చేతికి దొరికిన వస్తువుల్లో తాళంచెవులున్నాయి, కట్టుడు పండ్లున్నాయి, రాసి పంపని ఉత్తరాలున్నాయి. ఏది దొరికినా చిన్న గుడ్డలో ముడేసి, కుట్టిన పరుపు మీద పెట్టి ఇచ్చేస్తుంది. ఒక్కమాట మాట్లాడదు. మా ఇంటి పరుపులో నా పదో తరగతి మార్కుల కాగితం దొరికింది. లెక్కల్లో ముప్పైయారు. మా ఆవిడకు డెబ్బైయారని చెప్పి ఉన్నాను. కాబట్టి దాన్ని పెండ్లయిన కొత్తలో పరుపులో కూరి కుట్టేశాను. ఆ కాగితం కూడా ముడిలో వచ్చింది. ముడి నా చేతికే ఇచ్చింది, మా ఆవిడ చేతికి ఇవ్వలేదు. మస్తానమ్మ మీద గౌరవం నాకు అప్పుడు మొదలైంది.

ఇక మా సంగతి. పోయిన విద్యాసంవత్సరం పైనుంచి ఒక కాగితం వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఊళ్లోని ఒక వ్యాపార భాగస్వామితో కలిసి పనిచేయాలి, ఆ వ్యాపారంలో ఒక నిజమైన సమస్యను కనిపెట్టాలి, దాన్ని పరిష్కరించి చూపాలి. పులివెందులలో ప్రదర్శన. ఉన్నత పాఠశాలకొక జట్టు. మా జట్టుకు నేను మార్గదర్శిని. సోషల్ చెబుతా కాబట్టి ఊరికే ఉంటానని మా హెడ్‌మిస్ట్రెస్ సుధారాణి గారి నమ్మకం.

బంగారం అంగళ్లవాళ్లు పిల్లలను గడప తొక్కనివ్వలేదు. మస్తానమ్మ మాత్రం "వస్తే రానీ సార్, నా పనేమన్నా దాసిపెట్టే పనా" అంది. హర్ష, శిల్ప, జాస్మిన్ ముగ్గురూ రెండు నెలలు సాయంత్రాలు ఆమె దగ్గరికి పోయారు. దబ్బణం పట్టడం నేర్చుకున్నారు. గలీబు మూల మలిచి కుట్టడం నేర్చుకున్నారు. అక్కడితో ఆపి ఉంటే ఈ దేశానికి ఏ నష్టమూ లేదు. కానీ కాగితంలో "సమస్య" అని ఒక గడి ఉంది. ఆ గడి నింపాలి.

"అవ్వా, నీ సమస్య ఏంది?" అని అడిగాడు హర్ష, పెన్ను పట్టుకుని.

"ఇప్పటికైతే నువ్వేరా. యెల్తురుకు అడ్డం నిలబడుకోనుండావు."

హర్ష తెలివైన పిల్లోడు. వాడి తెలివే మా కొంప ముంచింది. ఫోనులో గడియారం పెట్టి ఆమె చేసే పనంతా లెక్కగట్టాడు. ఒక పరుపు అయినాక ఇంకో పరుపు మొదలుపెట్టేముందు ఆమె గంటన్నరసేపు మిషను పండ్లలో చిక్కిన పోగులు ఏరుతుంది, నేల ఊడుస్తుంది, గోడలు తడిగుడ్డతో తుడుస్తుంది.

"ఇంతసేపు ఎందుకు ఊడుస్తాండావు అవ్వా?"

"ఒకరింటి పోగు ఇంకొకరింట్లోకి పోగూడదు నాయనా."

"పోతే ఏమైతాది?"

"పోగూడదు," అంది. ఆమెకు అది జవాబే. మాకు కాలేదు. హర్ష ఆ గంటన్నరను "వృథా సమయం" అని రాశాడు. నేను దాని కింద ఎర్రసిరాతో "చాలా బాగుంది" అని రాశాను. ఆ కాగితం చూసినప్పుడల్లా నా చేతిని నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

ప్రదర్శనకు పది రోజులుందనగా, వేంపల్లెలో మనవడి సున్తీ అని మస్తానమ్మ శనివారం బయలుదేరింది. పోతూ తాళం నా చేతికిచ్చింది. "ఆదివారం పిల్లోల్లొస్తే ఆ సినిగిన దిండుండాది, అది కుట్టిపియ్ సార్. సూది పని మరిసిపోతారు." అంతే చెప్పింది.

ఆదివారం పొద్దున అంగట్లో మూడు పరుపులున్నాయి. ఒకటి భారతమ్మది. మా ఊళ్లో పెద్ద రైతుల ఇంటి ముసలామె, తోటలోని బూరుగుచెట్ల దూదితో చేసిన తేలిక పరుపు. రెండోది ఖాతూన్‌బీది. ఆమె మా జాస్మిన్‌కు సొంత నానీ, అమ్మమ్మ. జాస్మిన్ పిన్నమ్మకు కాన్పు దగ్గరపడింది. పాత పరుపు విప్పి తల్లికొకటి, పుట్టబోయే బిడ్డకొక చిన్నదీ కుట్టమని ఇచ్చింది. మూడోది లోపల లేదు. బయట పంచలో, నల్లతాడు కట్టి, గోడకు దూరంగా పెట్టి ఉంది. జమ్మలమడుగు ఆదినారాయణది.

"సార్," అన్నాడు హర్ష. కండ్లు మెరుస్తున్నాయి. "మూడూ కలిపి ఒకేసారి ఏకితే? ఊడ్చే పనే ఉండదు. మూడు రోజుల పని ఒక రోజులో అయిపోతాది. అవ్వకు సర్ప్రైజ్."

జాస్మిన్ అడ్డం చెప్పింది. "వద్దు సార్. మా నానీ దూది వేరేగా ఉండాల్ల."

నేనేమన్నానో చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెబుతా. "మన ఇల్లు, మన నానీ అనుకుంటే సైన్సు ఎట్ల ముందుకు పోతాదమ్మా?" అన్నాను. నేను సోషల్ టీచర్ని.

మూడు పరుపులూ చింపాం. చింపడమొక్కటే తప్పు కాదు. మస్తానమ్మ ఏ ఇంటి దూదిని ఆ ఇంటి పాత గలీబులోనే మూటగడుతుంది. ఆ పాత గుడ్డే దూదికి చిరునామా. మేం ఆ పాత గుడ్డలను "వ్యర్థం" అని పేరుపెట్టి, నా స్కూటరు తుడుచుకోవడానికి కొంచెం ఉంచుకుని, మిగతాది చెత్తబండిలో వేశాం. శిల్ప దూదిని కలియబెట్టింది. హర్ష తూకం చూశాడు. మిషను స్విచ్ వేసింది నేను. తలమీద, మీసం మీద, రెప్పలమీద దూదితో నేను నవ్వుతుంటే పిల్లలు ఫోటో తీసి అందరికీ పంపారు. సాయంత్రానికి పెద్ద పరుపులు మూడు, ఒకే బరువు, ఒకే మందం. పక్కన బుజ్జి పరుపొకటి.

సోమవారం పొద్దున బడి గంటకు ముందే ఫోను. "ఐవోరా, అంగడికి రా. పిల్లోల్లను పిల్సుకోని రా."

ఎప్పుడూ సార్ అనే మనిషి పాతకాలపు అయ్యవారిని పిలిచినట్టు ఐవోరా అంటే అనుమానం రావాలి. నాకు రాలేదు. మెచ్చుకుంటుందని, ఆమె మాటలు ప్రదర్శనలో వేయొచ్చని, ఫోనులో వీడియో ఆన్ చేసుకునే లోపలికి అడుగుపెట్టాను. నాలుగు నిమిషాల ఆ వీడియో నా దగ్గర ఇంకా ఉంది.

ఆమె ఒక పరుపు మూల పట్టుకుని పైకెత్తింది. దించింది. రెండోది ఎత్తింది. దించింది.

"ఇది ఎవురిది?"

"భారతమ్మవ్వది అవ్వా. చీటీ అంటించినాం సూడు," అన్నాడు హర్ష.

"చీటీ సంగతి కాదురా. దూది ఎవురిది?"

"మొత్తం కలిపినాం అవ్వా! కలిపి ఏకి సమానంగా పంచినాం. అన్నీ పదకొండు కిలోలే. నీకు రెండు రోజులు మిగిల్చినాం."

"భారతమ్మది బూరుగుదూది. అది ఆరు కిలోలు దాటదు." గొంతు ఇంకా మామూలుగానే ఉంది. "బయట నల్లతాడుతో కట్టిన మూట ఉండె. యాడ?"

"అదీ కలిపినాం."

మస్తానమ్మ కూర్చుంది. కొంచెంసేపు మా నలుగురి మొహాలూ ఒక్కొక్కటే చూసింది.

"ఆదినారాయణ వాళ్ల నాయన ఆ పరుపు మీద ఆర్నెల్లు మంచంపట్టి, దానిమీదనే పానం ఇడిసినాడు. ఆ పరుపు ఇంట్లో పెట్టుకోకూడదు, పారేయను మనసొప్పలే. ఏకి దిండ్లు కుట్టమ్మా, సత్రంలో ఇచ్చేస్తామని తెచ్చినాడు. అందుకే అది బయటుండె. పిల్లోల్లకు సావు గురించి ఏం సెప్పేదిలే అని నేను గమ్మునుంటి. నా నోట్లో మన్ను." తల తిప్పి బుజ్జి పరుపు వైపు చూసింది. "దాంట్లో కూడా ఉండాదా, జాస్మిన్?"

జాస్మిన్ ఏడుపందుకుంది.

అప్పుడు మస్తానమ్మ లేచింది. ఆ సందులో ఇరవై ఇండ్లున్నాయి, ఇరవై ఇండ్లవాళ్లూ వాకిట్లోకి వచ్చారు. "ముప్పై ఏండ్లు! ముప్పై ఏండ్లు ఒక్క పోగు అటుది ఇటు పోలే. నా మొగుడు దగ్గుతా దగ్గుతా కూడా, మస్తానీ, గోడ తుడిసినావా అని అడిగినాడు. మీరొక్క ఆదివారం! దిండు కుట్టుకోండిరా అని తాళమిస్తే! వాండ్లంటే పిల్లోల్లు. నువ్వేం జేస్తాంటివి ఐవోరా?"

"మిషను..."

"మిషను తిప్పుతాంటివి! మీసాలకు దూది పూసుకోని పటం దిగుతాంటివి! మా సందులో అందరి ఫోన్లల్లో ఉండాది నీ పటం!"

ఇక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "అక్కా, దూది దూదే కదా. మనం చెప్పకుంటే ఎవరికి తెలుస్తాది?"

ఆమె నా వైపు చూసిన చూపు వీడియోలో లేదు, ఫోను అప్పటికి నేలచూపు చూస్తోంది. "నీ ముప్పైయారు మార్కుల కాయితం సంగతి ఎవురికన్నా తెల్సునా ఐవోరా? ఎందుకు తెల్లే? నేను నోరు మూసుకున్యా కాబట్టి. ఇంగొకరింటి గుట్టుకు నేను నోరు మూసుకుంటా. నా తప్పుకు మూసుకోను."

"ఏం మార్కులు సార్?" అన్నాడు హర్ష. ఆ మధ్యాహ్నానికి బడంతా జవాబు కనుక్కుంది.

కబురు సుధారాణి మేడం దగ్గరికి పోయింది. ఆమెది గుంటూరు పక్క, మాట తేనె. అంగడికే వచ్చింది. "మస్తానమ్మగారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ పిల్లల భవిష్యత్తు చూడండి. పులివెందుల ప్రదర్శన అయ్యేదాకా ఈ విషయం మన మధ్యే ఉంచుదాం. తర్వాత మీ ఇష్టం. ఈలోపు ఈ ఫారం మీద మీ సంతకం..."

"సంతకం పెడ్తామ్మా," అంది మస్తానమ్మ, అప్పుడే చెప్పులు తొడుక్కుంటూ. "మొదుట ఆ మూడిండ్లకు పోవాల్ల. ఐవోరూ పిల్లోల్లూ నాతో వస్తారు."

మేడం నావైపు చూసింది. నేను నా చెప్పులవైపు చూసుకున్నాను. అవి అప్పటికే నా కాళ్లకున్నాయి.

మొదటి ఇల్లు భారతమ్మది. వరండాలో కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. మస్తానమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. చచ్చిపోయినాయన పేరు దాచలేదు. భారతమ్మ కత్తెర పక్కన పెట్టింది.

"ఇది నాకెందుకు సెప్పినావే?"

"సెప్పాల్ల కదక్కా."

"ఎవురు సెప్పమన్యారు నిన్ను? సెప్పకుంటే ఆ పరుపు మీద సుకంగా పండుకోని సచ్చేదాన్ని. ఇప్పుడు నువ్వు సొక్కమైన దూది తెచ్చి కుట్టినా నాకు నిద్ర పడ్తాదా? నీ నిజాయితీ నువ్వు మోసుకోలేక నా నెత్తిన దించిపోతాండావు. పో పో!" వక్కల పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. మళ్లీ బయటికొచ్చి నన్ను చూసి, "ఈడేనా ఆ ఐవోరు? ఈనికి జీతమెవురిస్తాండారు?" అనేసి తలుపేసుకుంది.

రెండో ఇల్లు ఖాతూన్‌బీది. కాన్పు కావాల్సిన కూతురు లోపలి గదిలో ఉంది కాబట్టి ఆమె మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టి, గొంతు తగ్గించి మాట్లాడింది. తగ్గించిన గొంతు అరుపుకంటే బాగా తగులుతుందని నాకు ఆరోజు తెలిసింది.

చావు సంగతికి ఆమె పెద్దగా కదల్లేదు. "మౌత్ అందరికీ ఉండాది. ఆయప్పకు జన్నత్ దొరకనీ. కానీ ఆ దూది మా అమ్మీది మస్తానా. మా అమ్మీ సేనులో తన చేత్తో ఏరిన పత్తి. నేను పుట్టినప్పుడు దాంట్లోనే పడుకున్యా. నా బిడ్డలంతా దాంట్లోనే. ఏకించేది, మళ్లా కుట్టించేది, ఇన్నేండ్లూ నీ కాడ్నే కదా. ఇప్పుడది యాడుండాది?"

మస్తానమ్మ చేయి కొంగు దాకా పోయి ఆగిపోయింది.

ఖాతూన్‌బీ మనవరాలివైపు తిరిగింది. "నువ్వు ఆడ్నే ఉంటివి కదే?"

జాస్మిన్ నావైపు చూసింది. పద్నాలుగేండ్ల పిల్ల అట్లా చూస్తే పారిపోవడానికి సందు దొరకదు. "పిల్ల వద్దనింది అమ్మా," అన్నాను. "నేనే వినలేదు."

"సదువు సెప్పేటోనివి," అంది ఖాతూన్‌బీ. ఇంకేమీ అనలేదు. ఇంకేమన్నా అని ఉంటే బాగుండేది.

జమ్మలమడుగు బస్సులో మస్తానమ్మ కిటికీ పక్కన కూర్చుంది. వెనక సీట్లోంచి హర్ష మెల్లగా, "అవ్వా, ఈసారికి ఒక్కో మూటకు పేరు రాసి..." అన్నాడు.

"ఒరేయ్, నువ్వింగొక్క ఉపాయం సెప్పినావంటే బస్సులోంచి తోస్తా."

హర్ష జమ్మలమడుగు దాకా పెన్ను జేబులోంచి తీయలేదు.

ఆదినారాయణ గుండు చేయించుకున్న తల మీద వెంట్రుకలు ఇంకా సరిగ్గా మొలవలేదు. ఎరువులంగడి నడుపుతాడు, నిదానస్తుడు. మాకు కుర్చీలు వేయించాడు. మస్తానమ్మ చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. ఆయన అరిస్తే పడడానికి నేను వీపు సిద్ధం చేసుకునే కూర్చున్నాను. ఆయన అరవలేదు.

"మా నాయన పరుపు సంగతి సరేలేమ్మా," అన్నాడు. "పొరపాటు. పిల్లోల్లు. నేనొకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఇంతకుముందు ఎన్నిసార్లు కలిసింది?"

"ఏంది?"

"ఈసారి నువ్వొచ్చి సెప్పినావు. ఇంతకుముందు మా ఇంటివి ఐదారు పరుపులు ఏకినావు. మేము ఎవురం కూచ్చోలే. ఊరికే అడుగుతాండా."

ఇంట్లోంచి ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. మస్తానమ్మ గ్లాసు ముట్టుకోలేదు. "ఎప్పుడూ కలవలే నాయనా," అంది. ఆ మాట అన్నాక, ఎదుటివాడు నమ్మడానికి తన దగ్గర ఇంకేమీ లేదని ఆమెకే తెలిసింది. నాకూ తెలిసింది. తిట్లకైతే తిరిగి తిట్టొచ్చు. ఆ మర్యాదైన ప్రశ్న ముప్పై ఏండ్లు వెనక్కి పోయి ఒక్కొక్క పరుపునూ విప్పి చూసింది.

తిరుగు బస్సెక్కాం. ప్రొద్దుటూరులో దిగినాక ఆమె, "ఆ పులివెందల ఎప్పుడు?" అని అడిగింది.

నాలుగు రోజులు ఆమె అంగట్లో మిషను ఆగలేదు. రెండిండ్లకూ కొత్త దూది తెచ్చి పరుపులు కుట్టి పంపింది. భారతమ్మకు బూరుగుదూది కోసం ఎక్కడెక్కడో తిరిగింది. ఆదినారాయణ సత్రానికిస్తానన్న దిండ్లు కూడా కొత్తదూదితోనే. కలిసిన దూదిలో ఒక పెద్ద పరుపు మాత్రం అట్లాగే ఉంచింది. ప్రదర్శన రోజు పొద్దున దాన్ని చుట్టి, తాడు కట్టి, బస్టాండుకు తెచ్చింది.

"ఇదేందమ్మా, లగేజీనా?" అన్నాడు కండక్టరు.

"కాదు, ప్రాజెక్టు," అంది.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేవరకు ఆ పరుపు నా ఒళ్లోనే ఉంది.

ప్రదర్శనశాల ఒక పెద్ద బడి ఆవరణలో. బల్లలు, అట్టలు, రంగు కాగితాలు. మా బల్ల వెనక అట్ట మీద పెద్దక్షరాలతో "మూడు రోజుల పని ఒక్క రోజులో!" అని ఉంది. తీసేయమని నేను మేడంకు రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పే ధైర్యం లేదు. మస్తానమ్మ ఆ అట్ట చదివింది. ఐదో తరగతి దాకా చదివిన మనిషి. ఏమీ అనకుండా పరుపు విప్పి, బల్ల ముందు నేలమీద పరిచింది.

న్యాయనిర్ణేతగా వచ్చినాయన ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. అట్ట చూసి ముచ్చటపడ్డాడు. "చిన్న పరిశ్రమలో సమయం ఆదా! ఇదీ కావాల్సింది. ఎట్ల చేశారు బాబూ?"

హర్ష తల వంచుకున్నాడు. శిల్ప మెల్లగా, "అందరి దూదీ కలిపేసినాం సార్," అంది.

"మంచి ఆలోచన కదా! దూది దూదే. ఎవరిదైతే ఏముంది?"

"కూచ్చో సార్," అంది మస్తానమ్మ. "కూచ్చోని సూడు, ఎట్లుండాదో."

ఆయన బూట్లు విడిచి, పరుపు మీద చక్కగా మఠం వేసుకుని కూర్చున్నాడు. అరచేత్తో నొక్కి చూశాడు. "అబ్బ, ఎంత మెత్తగా ఉంది!"

"ఉంటాది సార్. దాంట్లో ఒక పెద్దాయన ఆర్నెల్లు మంచంపట్టి పానం ఇడిసిన పరుపు దూదుండాది."

ఆయన లేచిన వేగం నేను ఏ ఆటలపోటీలోనూ చూడలేదు. ఒక బూటు మా బల్ల కిందికి, ఇంకోటి పక్క బడివాళ్ల సౌరశక్తి పొయ్యి మీదికి పోయింది.

"ఏం సార్? దూది దూదే అంటివి!" మస్తానమ్మ గొంతు ఆవరణంతా వినిపించింది. "నీకొక న్యాయం, ఖాతూన్‌బీకొక న్యాయమా? మూడు రోజుల పని మూడు రోజులెందుకు పడ్తాదో అడిగినారా ఎవురన్నా? గంటన్నర ఊడుస్తాదంట, వృథా అంట! ఆ గంటన్నర సార్ నా అంగడి. మిగతాదంతా మిషను సేస్తాది." అట్టను చేత్తో పీకి రెండుగా మడిచి మేడం చేతిలో పెట్టింది. "ఆ ఫారం ఇయ్యమ్మా, సంతకం పెడ్తా." బల్ల మీద కాగితం పెట్టి, "సమస్య" అన్న గడిలో మా రాతనంతా కొట్టేసి, తన పేరు నిండుగా, నిదానంగా రాసింది.

మాకు బహుమతి రాలేదు. పాల్గొన్న పత్రం కూడా ఇంతవరకు అందలేదు. మేడం నాతో మాట్లాడ్డం మానేసింది. ఇది లాభాల్లో వేసుకున్నా.

జాస్మిన్ పిన్నమ్మకు ఆడబిడ్డ పుట్టింది. బిడ్డను మస్తానమ్మ పంపిన కొత్త పరుపులో పడుకోబెట్టలేదని, చీర మడతలో పడుకోబెడుతున్నారని శిల్ప చెప్పింది. ఆదినారాయణ ఇంటినుంచి మళ్లీ పరుపు రాలేదు.

పులివెందుల నుంచి వచ్చిన మరుసటి రోజే మస్తానమ్మ ఒక నియమం పెట్టింది. ఎవరైనా సరే, పరుపు దించి పోవడానికి లేదు. ఏకడం మొదలుపెట్టినప్పటినుంచి కుట్టడం అయ్యేదాకా ఇంటిమనిషి ఒకరు పక్కన కూర్చోవాలి. "మాకు నీమీద నమ్మకముందక్కా" అంటే ఇంకా కోపం. "నమ్మకముంటే నీ ఇంట్లో పెట్టుకో. నేనూ నమ్మకంతోనే తాళమిచ్చినా." కొందరు విసుక్కుని ఫోము పరుపుల అంగడికి పోయారు. భారతమ్మ కొడుకు తన పరుపు తెచ్చి, రెండు గంటలు కూర్చుని, ఇక కారులో ఏసీ వేసుకుని కూర్చుంటానన్నాడట. మస్తానమ్మ ఆ పరుపును కారులోకి విసిరేసింది.

పోయిన బుధవారం మా పరుపు తీసుకుపోయాను. ఒకపూట సెలవు పెట్టాను. కారణం అన్నచోట "పరుపు దగ్గర కూర్చోవడానికి" అని రాస్తే, మేడం చాలాసేపు చదివి సంతకం చేసింది.

మస్తానమ్మ మా పాత గలీబు విప్పింది. మిషను పండ్లు ఏరింది. నేల ఊడ్చింది. గోడ తుడవడం మొదలుపెట్టింది. పై గోడ, కింది గోడ, మూలలు. అరగంట. ముప్పావుగంట. బయట ఎండ, లోపల తడిగుడ్డ చల్లదనం. నా కండ్లు మూతలు పడుతున్నాయి.

"ఐవోరా!"

ఉలిక్కిపడ్డాను.

"నిద్రపోయేటట్లయితే ఇంటికాడ పండుకో, పరుపు లేకుండానే. ఈడుండేది సూసేదానికి. సూడు. ఆ మూల ఇంగా తుడవలే."